ఇన్‌ఛార్జి తోడమ్మ

ఆ తారీఖు పేర్రాజు మాస్టారికి బాగా గుర్తు. మే నెల ఇరవై రెండు, గురువారం. మధ్యాహ్నం మామిడికాయ పప్పు, గుమ్మడి వడియాలు. సాయంత్రం సుగుణమ్మ తెచ్చిన తాటిముంజలు. వీధి అరుగు మీద కూర్చుని ఆవిడ ముంజల పొట్టు తీసి ఒక్కొక్కటీ హైమ చేతిలో పెడుతూ, కాన్పు కూడా ఇంతేనమ్మా, పొట్టు తీసేదాకానే విసుగు అని నవ్విస్తోంది. ఆఖరి ముంజ హైమ నోట్లో ఉండగా సుగుణమ్మ ఫోను మోగింది. ఆవిణ్ణి బదిలీ చేశారు.

హైమ మాస్టారి ఒక్కగానొక్క కూతురు. తొమ్మిదో నెల. సుగుణమ్మ వాళ్ల చుట్టమూ కాదు, పక్కింటావిడా కాదు. ప్రభుత్వం వేసిన తోడమ్మ.

ఈ తోడమ్మ పథకం పుట్టుక గురించి కొంత చెప్పాలి. పెద్ద అధికారులు కొందరు ఎక్కడో చలిదేశంలో జరిగిన సదస్సుకి వెళ్లారు. అక్కడ గర్భిణికి డూలా అని ఒకావిడ తోడుంటుందనీ, నెలలు నిండేదాకా ధైర్యం చెబుతుందనీ, నొప్పులప్పుడు చెయ్యి పట్టుకుంటుందనీ, పుట్టాక తల్లికీ బిడ్డకీ ఆసరాగా మసలుతుందనీ విని ఆశ్చర్యపోయారు. కాన్పుకి మనిషి తోడుండాలన్న సంగతి అంత దూరం వెళ్లి తెలుసుకోవడం వల్ల దానికి విలువ వచ్చింది. తిరిగి రాగానే పథకం పెట్టారు. మొదటి ఏడాది దానికి నిబంధనలు రాసే తీరిక ఎవరికీ లేకపోయింది. అందువల్ల పథకం చక్కగా నడిచింది.

సింగనగరువు ప్రసూతి ఆసుపత్రి తరఫున సుగుణమ్మ హైమ దగ్గరికి నాలుగో నెలలో వచ్చింది. మాస్టారి భార్య భ్రమరాంబ మూడేళ్ల క్రితం జ్వరంతో ఆసుపత్రిలో పోయింది. అద్దాల తలుపు అవతల తల్లి, ఇవతల హైమ. లోపలికి రానివ్వలేదు. ఆఖరుకి చెయ్యి కూడా పట్టుకోనివ్వలేదు. అప్పట్నించి హైమకి ఆసుపత్రి గది అంటే హడలు. అత్తగారు మోకాళ్ల నొప్పులతో మంచం దిగలేదు. భర్త గుంతకల్లు వైపు గూడ్సు రైళ్ల మీద తిరుగుతాడు, సెలవు దొరికితే వస్తాడు. రక్తపోటు ఎక్కువుందని ప్రైవేటు నర్సింగుహోము వాళ్లు చేతులెత్తేశారు. హైమ తండ్రిని అడిగింది ఒక్కటే. నొప్పులప్పుడు ఎవరో ఒకరు నా చెయ్యి పట్టుకునే ఉండాలి నాన్నా, వదలకూడదు అంది. సుగుణమ్మ ఉందిగా అన్నారు మాస్టారు. అప్పటికి ఉంది.

రెండో ఏడాది నిబంధనలు వచ్చాయి. తోడమ్మలు ఇక ఒక కేడరు. కేడరన్నాక బదిలీలుండాలి. బదిలీల నియమావళి కొత్తగా రాయడం దేనికని ఏదో రెవెన్యూ ఆఫీసుది తెచ్చి, కార్యాలయం అన్నచోటల్లా గర్భిణి అని మార్చారు. దాని ప్రకారం ఒకే గర్భిణి వద్ద అయిదు నెలలకు మించి పనిచేసిన తోడమ్మను పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా తప్పనిసరిగా బదిలీ చేయవలెను. తోడమ్మ వచ్చేది నాలుగో నెలలో. నాలుగూ అయిదూ కలిపితే ఎంతో పలక పట్టిన పిల్లాడు కూడా చెబుతాడు. పిల్లాణ్ణి ఎవరూ అడగలేదు. ఆ వారం జిల్లాలో నెలలు నిండిన ప్రతి ఆడమనిషికీ తోడమ్మ ఊడిపోయింది.

మర్నాడు పొద్దున్నే మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని పథకం అధికారి త్రిమూర్తులు గారి ఆఫీసుకి వెళ్లారు. త్రిమూర్తులు గారు మర్యాదస్తుడు. ప్రిన్సిపాలుగా రిటైరైన మనిషి వచ్చారని లేచి నిలబడి, టీ తెప్పించి, బిస్కెట్లు తన చేత్తో అందించారు. ఒక్క నెల సుగుణమ్మని కదపొద్దని మాస్టారు బతిమాలారు. ఆయన కళ్లు మూసుకుని అంతా విన్నారు.

"తోడమ్మ అంటే మనిషి కాదు మాస్టారూ, పోస్టు. మనిషి వెళ్లిపోద్ది. పోస్టు మీ అమ్మాయిగారి దగ్గరే ఉంటుంది."

"ఖాళీగానా అండీ?"

"ఖాళీగా ఉన్నా ఉన్నట్టే."

"నొప్పులొచ్చినప్పుడు ఖాళీ పోస్టు చెయ్యెలా పట్టుకుంటుందండీ?"

త్రిమూర్తులు గారు నొచ్చుకోలేదు. ఇలాంటి ప్రశ్నలు వేసేవాళ్ల మీద ఆయనకి జాలి. "మీరు తండ్రిగా ఆలోచిస్తున్నారు. నేను వ్యవస్థగా ఆలోచించాలి. ఒకే మనిషి దగ్గర అయిదు నెలలుంటే మమకారం పెరుగుద్ది. మమకారం పెరిగితే పక్షపాతం. రేప్పొద్దున ఆవిడ మీ అమ్మాయి చెయ్యి గట్టిగానూ, ఇంకొకరి చెయ్యి వదులుగానూ పట్టుకుంటే ఎవరు జవాబు చెప్పాలి?"

పోనీ నేనుంటాను, లేకపోతే అల్లుణ్ణి ఎలాగోలా రప్పిస్తాను అన్నారు మాస్టారు. త్రిమూర్తులు గారు మెల్లగా తల అడ్డంగా ఊపారు. రక్తసంబంధీకులూ వివాహ సంబంధీకులూ తోడుకి అనర్హులు. ఫలితంతో వాళ్లకి స్వప్రయోజనం ఉంటుంది.

అప్పగింతలు మాస్టారి ఇంటి వరండాలోనే జరిగాయి. సుగుణమ్మ స్థానంలో రావలసిన మనిషి ఇంకా చేరలేదు గనక, అప్పటికే నలుగురిని చూస్తున్న అనసూయ అనే తోడమ్మకి హైమ తాలూకు పూర్తి అదనపు బాధ్యతలు ఇచ్చారు. అనసూయ స్కూటీ దిగి, చెమట తుడుచుకుని, అట్ట మీద కాగితం పెట్టుకుని చదివింది. గర్భిణి, ఒకరు. స్థితి, బాగు. మంచం, సొంతం. ఫ్యాను, పనిచేస్తున్నది. హైమని ఒకసారి లేచి నిలబడమని, మళ్లీ కూర్చోమంది.

సుగుణమ్మ మాత్రం వేరే సంగతులు చెప్పుకుపోతోంది. ఈ పిల్లకి భయమేస్తే నోరు విప్పదు, కాలి బొటనవేలు ముడుస్తుంది, అది కనిపెట్టుకుని ఉండాలి. నడుం నొప్పికి అరచేత్తో కింది నించి పైకి రాయాలి. వాళ్లమ్మ మాట ఎత్తితే ఏడుస్తుంది, కానీ ఎత్తాలి, ఏడిస్తే తేలికపడుతుంది.

"అవి రాయడానికి గడి లేదక్కా," అంది అనసూయ. ఆ పిల్ల గొంతులో పొగరేం లేదు, అలసట ఉంది.

సుగుణమ్మ వెళ్లేటప్పుడు హైమ తల నిమిరి, వెనక్కి చూడకుండా గేటు దాటింది. హైమ గేటు వైపే చూస్తూ ఉండిపోయింది. తరవాత, "నన్ను మీ కాలేజీ లాబొరేటరీలా అప్పజెప్పేశారు నాన్నా," అంది. మాస్టారు కూతురి కాలివైపు చూశారు. బొటనవేలు ముడుచుకుని ఉంది.

సుగుణమ్మని వేసిన చోటు ఇంకా విచిత్రం. ముందుచూపు పాటించాలని పైనుంచి ఆదేశాలు రావడంతో, పెళ్లయి నెల కూడా తిరగని ఒక కొత్త జంట ఇంట్లో తోడమ్మ పోస్టు మంజూరు చేశారు. ఆవిడ రోజూ పొద్దున్నే వెళ్లి వాళ్ల హాల్లో కూర్చోవాలి. సాయంత్రం, పురోగతి లేదు అని ఫోనులో సమాచారం పంపాలి. పెళ్లికూతురు మొహమాటంతో కాఫీ ఇస్తోందట. పెళ్లికొడుకు ఆవిడ కనబడితే చాలు పెరటి దారిన పోతున్నాడట. వరసగా వారంపాటు పురోగతి లేదని రాయడంతో, ఇందుకు కారణాలు తెలుపవలసిందిగా పై నుంచి తాఖీదు వచ్చింది. అది ఎవరికి ఇవ్వాలో తెలియక సుగుణమ్మ సంచిలో పెట్టుకుని తిరుగుతోంది. ఇవన్నీ ఫోనులో చెప్పి హైమని నవ్వించేది. అదే ఆ రోజుల్లో ఆ ఇంట్లో వినబడ్డ నవ్వు.

ఇక్కడ అనసూయ నడుం నొప్పని సెలవు పెట్టింది. అబద్ధం కాదు, అయిదుగురి నడుములు రాసిన మనిషి. ఇన్‌ఛార్జి లేనప్పుడు అదే ప్రాంగణంలో సీనియర్ ఉద్యోగికి బాధ్యతలు వెళ్లాలి. ఆసుపత్రిలో అందరికన్నా సీనియరు స్టోరు కీపరు గవర్రాజు.

గవర్రాజు భారీ మనిషి, మీసాలు ఇంకా భారీ. గేటు దగ్గరే చెప్పులు విడిచి, లోపలికి రాకుండా, కిటికీకి వీపు పెట్టి నిలబడి, అమ్మాయిగారికి కదలికలు తృప్తికరంగా ఉన్నాయా అండీ అని మాస్టారిని అడిగాడు. ఉన్నాయన్నారు మాస్టారు. సంతోషమండి అని గవర్రాజు ముఖం తుడుచుకున్నాడు. తన సర్వీసంతా దూది, టించరు, దుప్పట్లు తప్ప దేనికీ జవాబుదారీ కాలేదని చెప్పుకుని బాధపడ్డాడు. ఆయన్ని ఓదార్చడం మాస్టారి వంతయింది. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి కదా అన్నారు.

"ఒప్పుకుంటే కదండీ మాస్టారూ. ఇచ్చేశారు," అన్నాడు గవర్రాజు.

ఆయన బాధ ఎక్కువ రోజులు సాగలేదు. నెలాఖరుకి పదవీ విరమణ చేశాడు. శాలువా కప్పించుకుని, దండ మెడలోనే ఉంచుకుని, బడి వదిలిన కుర్రాడిలా ఇంటికి పోయాడు.

జూన్ మొదట్లో ఒక పొద్దున, పెసరట్టు పెనం మీద ఉండగా హైమకి నొప్పులు మొదలయ్యాయి. మాస్టారు పొయ్యి ఆపారో లేదో చూసుకోలేదు. బయట తొలకరి చినుకులు. ఆటోవాడు గతుకు వచ్చినప్పుడల్లా గతుకుకి క్షమాపణ చెబుతున్నట్టు వెనక్కి తిరిగి చూసేవాడు. ఆ మాత్రం దయ ఆ రోజు మాస్టారికి చాలా గొప్పగా తోచింది.

కాన్పు గది గుమ్మం దగ్గర ఆయా నూకరత్నం అడ్డంగా నిలబడింది. మనసొప్పక నిలబడిందని మొహం చూస్తేనే తెలుస్తోంది. "తోడమ్మ లేకుండా లోపలికి పంపొద్దన్నారండి. కంప్యూటర్లో తోడమ్మ యేలిముద్ర పడితేనే పేరు ఎక్కుద్దండి. పేరెక్కందే కాన్పు బల్ల ఇవ్వరండి."

"తోడమ్మ ఎవరమ్మా ఇప్పుడు?"

"గవర్రాజు గారండి. రిటైరైపోయారు కదండి."

లోపలున్న డాక్టరమ్మ ఒక్కతే. ముందొచ్చిన కాన్పు చూస్తూ, ఎవరైతే ఏం లోపలికి పంపండి అని అరుస్తోంది. కంప్యూటరు ముందున్న కుర్రది నేనేం చేయనండీ, ముందుకి వెళ్లనివ్వట్లేదు అని తెరనే చూస్తోంది. హైమ వసారాలో బల్ల మీద కూర్చుంది. పెదవి కొరుక్కుంటోంది. చెప్పులోంచి బొటనవేలు ముడుచుకుని కనబడుతోంది. ఎదురుగా ఉన్నది అద్దాల తలుపు.

త్రిమూర్తులు గారు ఆ వేళ ఆసుపత్రిలోనే ఉన్నారు. జిల్లాలో నూటికి నూరు శాతం తోడు సాధించినందుకు బహుమతి రాబోతోంది. పోర్టికోలో బ్యానరు వంకరగా కట్టారని దగ్గరుండి విప్పిస్తున్నారు. తోడు లేని ఏ స్త్రీనీ లోపలికి పంపకపోవడం వల్ల, లోపలికి వెళ్లిన వాళ్లందరికీ తోడున్నట్టే లెక్క తేలింది. మాస్టారు చినుకుల్లో తడుస్తూ ఆయన దగ్గరికి వెళ్లి సంగతి చెప్పారు.

"బాధాకరమే," అన్నారు త్రిమూర్తులు గారు, బ్యానరు మీంచి చూపు తిప్పకుండానే. "కొత్త ఇన్‌ఛార్జి ప్రతిపాదన పరిశీలనలో ఉంది. గెజిటెడ్ హోదా ఉన్నవాళ్లనే వేయమని పైనుంచి మాట. అటువంటి ఆడవాళ్లు మా దగ్గర లేరు."

మాస్టారికి ఆ క్షణం ఒళ్లు మండింది. ఆయన జీవితంలో అది అరుదు. కానీ ముప్ఫై ఏళ్లు సర్కారు కాలేజీలో పనిచేసిన మనిషి. ఏ తాళానికి ఏ చెవి పడుతుందో తెలుసు. గొంతు తగ్గించి అడిగారు.

"ఇన్‌ఛార్జికి పోస్టు అర్హతలు ఉండాలా అండీ?"

"అక్కర్లేదు. అర్హతలుంటే పోస్టే ఇస్తాం కదా."

"నేను వృక్షశాస్త్రం వాణ్ణండి. మూడేళ్లు సంస్కృతం శాఖకి ఇన్‌ఛార్జిగా ఉన్నాను. నాకు సంస్కృతం రాదు. ఎవరూ అభ్యంతరం పెట్టలేదు. గెజిటెడ్ హోదాలో రిటైరయ్యాను."

త్రిమూర్తులు గారు మొదటిసారి బ్యానరు వదిలి ఆయనవైపు పూర్తిగా తిరిగారు. "మీరు రక్తసంబంధీకులు."

"రక్తసంబంధీకులు తోడమ్మ కాకూడదని ఉందండి. ఇన్‌ఛార్జి కాకూడదని ఉందా?"

ఆయన నియమావళిని మనసులోనే మొదటి నుంచి చివరిదాకా తిరగేశారు. లేదు. ముఖంలో ఒక విధమైన సౌందర్యానుభూతి కనిపించింది. "బాగా పట్టారు మాస్టారూ. మీలాంటివాళ్లు మా శాఖలో ఉండాల్సింది," అన్నారు.

ఉత్తర్వు అక్కడికక్కడే తయారైంది. మాస్టారి వేలు పెట్టించారు. కంప్యూటరు ఒకచోట ఆగింది. తోడమ్మ పోస్టుకి స్త్రీ అని ముందే నింపి ఉంది, మార్చడానికి వీల్లేదు. అలాగే కానిమ్మన్నారు త్రిమూర్తులు గారు. ఆ విధంగా పేర్రాజు మాస్టారు అరవై నాలుగో ఏట స్త్రీగా కాన్పు గదిలోకి వెళ్లారు.

గుమ్మం దగ్గర త్రిమూర్తులు గారు ఆఖరి సూచన చేశారు. లోపల ఆవిడ నాన్నా అని పిలిస్తే పలక్కండి, రికార్డయితే ఆడిట్ అభ్యంతరం వస్తుంది.

నూకరత్నం రెండు బల్లల మధ్య ఆకుపచ్చ తెరలు లాగి, వాటి మధ్య సందులో మాస్టారిని గోడవైపు తిప్పి నిలబెట్టింది. "అమ్మాయిగారి చెయ్యి ఇటొస్తాదండి, పట్టుకోండి. మరింకేటీ చూడకండి." తెర కింద నుంచి చెయ్యి వచ్చింది. చల్లగా ఉంది. మాస్టారు పట్టుకున్నారు.

"ఎవరది?" అంది హైమ.

"ఇన్‌ఛార్జినమ్మా."

నొప్పికీ నొప్పికీ మధ్య ఉండే ఆ కాస్త ఖాళీలో, హైమ నవ్వింది. "నీకెవరిచ్చారు నాన్నా ఛార్జి?"

నిబంధన ప్రకారం మాస్టారు పలకలేదు. చెయ్యి నొక్కారు. మళ్లీ నొప్పి వచ్చింది. వేళ్లు నలిగిపోయేలా పట్టుకుంది. అంత బలం ఆ పిల్లకి ఉందని ఆయన ఎన్నడూ ఎరగరు. అమ్మ మాట ఎత్తాలి అన్న సుగుణమ్మ మాట గుర్తొచ్చి, గోడవైపు చూస్తూనే, నువ్వు పుట్టిన రోజు మీ అమ్మ ఆసుపత్రి ఉప్మాలో ఉప్పు లేదని నర్సుతో పోట్లాడింది, ఆ పోట్లాటలోనే నువ్వు పుట్టావు అని చెప్పారు. హైమ ఏడ్చింది. ఏడుస్తూనే ఇంకా చెప్పమంది. ఆయన చెబుతూ పోయారు.

ఆ చెప్పడంలో రెండో తెర సంగతి ఆయన గమనించలేదు. దాని కింద నుంచి ఇంకో చెయ్యి వచ్చి గాలిలో వెతుకుతోంది. గోళ్లలో ఎర్రమన్ను.

ఇటుకబట్టీలో పనిచేసే ఒడియా మనిషి అని నూకరత్నం చెప్పింది. మొగుణ్ణి బట్టీ మేస్త్రీ రానివ్వలేదట. అంబులెన్సువాళ్లు దించేసరికే కాన్పు కష్టంగా ఉందని డాక్టరమ్మ కంప్యూటరుని అడక్కుండా లోపలికి లాక్కుంది. కాబట్టి లెక్క ప్రకారం ఆ మనిషి ఇంకా ఆసుపత్రికి రాలేదు. మాస్టారికి రెండో చెయ్యి ఖాళీగానే ఉంది. ఇచ్చారు. ఆ మనిషి ఏదో అంది. ఆయనకి అర్థం కాలేదు. ఆయన చెబుతున్నదీ ఆ మనిషికి అర్థం కాలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు.

మధ్యాహ్నం దాటాక హైమకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. డాక్టరమ్మ తెర మీంచి ఒక్క క్షణం పాపని చూపించి, ఇన్‌ఛార్జి గారూ, పాప వేలు ముడుస్తోందండీ అంది. హైమని వార్డుకి తీసుకెళ్లేసరికి అక్కడ సుగుణమ్మ కూర్చుని ఉంది. క్యాజువల్ లీవు పెట్టి, బస్సు మారి వచ్చిందట. సెలవులో ఉన్నాను గనక నేను ఎవర్నీ కాను, ఎవర్నీ కాని మనిషి మంచం పక్కన కూర్చుంటే ఏ రూలూ అడ్డురాదు అని పాపని ఒళ్లోకి తీసుకుంది. మాస్టారు ఈ కబుర్లన్నీ నూకరత్నం ద్వారానే విన్నారు. ఆయన ఇంకా తెరల మధ్యే ఉన్నారు. ఎర్రమన్ను చెయ్యి ఆయన్ని వదల్లేదు.

దీపాల వేళకి త్రిమూర్తులు గారు గుమ్మంలోకి వచ్చారు. ముఖం వెలిగిపోతోంది. పురుష గెజిటెడ్ ఇన్‌ఛార్జి పర్యవేక్షణలో జరిగిన తొలి కాన్పు ఇదేనని ఫోను మీద పైవాళ్లకి చెప్పి వచ్చారు.

"మీ కేసు ముగిసింది మాస్టారూ. ఛార్జి వదిలేసి పాపని చూసుకోండి."

"ఇంకొకరున్నారండి ఇక్కడ."

ఆయన తొంగి చూశారు. "ఆ చెయ్యి మన పరిధిలోది కాదు. మన జిల్లా కాదు, మన రాష్ట్రమే కాదు. సిస్టంలో లేదు. వదిలేయొచ్చు."

తెర అవతల ఆ మనిషి మూలిగింది. మాస్టారు ఎంతో మర్యాదగా అన్నారు. "ఛార్జి తీసుకునే మనిషి రాందే వదలకూడదని రూలండి. మీరు తీసుకుంటానంటే ఇప్పుడే ఇచ్చేస్తాను." అని, పట్టుకున్న ఆ చేతిని తెర కిందనుంచి కాస్త ముందుకి జరిపి చూపించారు.

త్రిమూర్తులు గారు ఆ చేతిని చూశారు. అరచేతిలో బొబ్బలు, గోళ్లలో మన్ను, మణికట్టున ప్లాస్టిక్ గాజు ఒక్కటి. ఆయన చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లిపోయింది. పథకం పెట్టిన నాటి నుంచీ ఆయన ఒక్క చెయ్యీ పట్టుకోలేదన్న సంగతి ఆ గదిలో ఎవరూ అనలేదు. పరిశీలిస్తాను అని, రెండడుగులు వెనక్కి వేసి, బ్యానరు మళ్లీ తిన్నగా కట్టారో లేదో చూడాలని వెళ్లిపోయారు.

వాన పెద్దదైంది. సందర్శకుల వేళ అయిపోయిందని గంట కొట్టారు. నూకరత్నం ఒక స్టూలు తెచ్చి మాస్టారి వెనక పెట్టింది. గ్లాసుతో మజ్జిగ తెచ్చి ఎడం చేతికి అందించింది. ఇంటికెళ్లరా మాస్టారూ అని అడిగింది. రిలీవరు రాలేదమ్మా అన్నారాయన. ఆయ్, అంది నూకరత్నం. వసారాలో లైటు తీసేసి, కాన్పు గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.